తడి వడ్ల తూకం

మా అక్క పోయినప్పుడు పేపర్లో ఆమెను దేవత అని రాశారు. రాసినవాళ్ళది మంచి మనసే. కానీ ఆ మాటలో ఆమె చేసిన పని కనపడదు. ఆ పనిని కొంత దగ్గర నుంచి చూశాను కనుక, చూసినంత మేరకు రాస్తున్నాను.

రాయచూరు మార్కెట్లో మాది వడ్ల వ్యాపారం. ఆ ఇంట్లోంచి వెళ్ళి చదువుకుని, అక్క హైదరాబాదులో ఒక పెద్ద ఆసుపత్రిలో డాక్టరయింది. గుండె బలహీనపడ్డవాళ్ళను, గుండె మార్పిడి కావలసినవాళ్ళను చూసేది. మొదటిసారి సెలవుకు వచ్చినప్పుడు నాయన అడిగాడు.

"ఇప్పటిదాంక ఎన్ని గుండెలు మార్చినవ్?"

"నేను మార్చను నాయినా. కోసేది సర్జన్. కొత్త గుండె దొరికేదాంక మనిషిని నిలబెట్టేది, పెట్టినంక కాపాడేది నా పని."

"అంటే చౌకీదారువన్నట్టు."

"గట్లనే అనుకో," అని అక్క నవ్వింది. నాయనకు మాత్రం కొంచెం చిన్నతనంగా అనిపించింది. బజార్లో ఎవరైనా అడిగితే ఆపరేషన్ల డాక్టరనే చెప్పేవాడు.

అక్క నెలకొక ఆదివారం వచ్చి మా కొట్టు పైగదిలో రోగులను చూసేది. తుర్విహాళ అనే ఊరి నుంచి ఒక కుర్ర రైతు వచ్చేవాడు. కోస్తా నుంచి వచ్చి, కాలువ కింద వరి పండించుకుంటున్న కుటుంబం. ఏదో జ్వరం వచ్చిపోయాక ఆ కుర్రవాడి గుండె కండరం దెబ్బతింది. మార్పిడి కోసం పేరు నమోదు చేయించారు. గుండె దొరికే రోజుకు ఊపిరితిత్తులూ మూత్రపిండాలూ బాగుండాలి. ఒంట్లో నీరు చేరి అవి పాడైతే, గుండె దొరికినా పెట్టలేరు. అందుకని ఉప్పూ నీళ్ళూ కొలిచి తీసుకోమంది. రోజూ పొద్దున బరువు చూసుకుని, పెరిగితే వెంటనే ఫోను చేయమంది.

ఫోను రాలేదు. తర్వాతి నెల వాళ్ళమ్మ కూడా వెంట వచ్చింది. కొడుకు మెట్ల మీద ఆగి ఆగి ఎక్కాడు. తల్లి మాత్రం సంబరంగా ఉంది.

"మావాడు ఒళ్ళు చేశాడమ్మా. అది తినొద్దు, ఇది తాగొద్దంటే చిక్కి సగమయ్యాడు. నేనే ఆవకాయ కలిపి ముద్దలు పెడుతున్నా."

అక్క అతని కాలి మీద బొటనవేలితో నొక్కింది. గుంట పడింది.

"ఇది ఒళ్ళు కాదు పెద్దమ్మా, నీరు."

"నాట్లకొచ్చిన కూలోళ్ళకే అడక్కుండా చెంబుతో మంచినీళ్ళిస్తాం. కన్నకొడుక్కి కొలిచి పొయ్యమంటారా?"

అక్క కసురుకుంటుందనుకున్నాను. కసరలేదు.

"మీ వడ్లు యాడ అమ్ముతరు?"

"ఇంకెక్కడ? ఈ కింద కొట్లోనే."

"తడి వడ్లు తెస్తే తూకం ఎక్కువొస్తదా, తక్కువొస్తదా?"

"ఎక్కువే వస్తది. అందుకేగా మీ తమ్ముడుగారు తేమ తేమ అని తరుగు తీసేది." ఆమె నా వైపు చూసింది. "మొన్న ఎండిన వడ్లక్కూడా తీశారు."

అక్క నవ్వు ఆపుకుంది. "ఆయన సంగతి తర్వాత చూద్దాం. ఆ ఎక్కువొచ్చిన తూకం గింజదా?"

"గింజదెందుకవుతుంది, నీళ్ళ..."

కొడుకు కాలి మీద గుంటను చూసింది. అది ఇంకా పూడలేదు.

"ఇప్పుడెలాగమ్మా?"

"ఆరబెడదాం," అంది అక్క.

ఆ రోజే అతన్ని తన కారులో హైదరాబాదు తీసుకెళ్ళింది. ఇంజెక్షన్లతో నీరు తీశారు. మూత్రపిండాలు నిలబడ్డాయి. ఇంటికొచ్చాక తూకం పని తల్లి తీసుకుంది. పొద్దున్నే అక్కకు ఆమె ఫోను: "తేమ లేదమ్మా." కాలువ కింది ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళందరికీ అక్క తర్వాత ఈ తడి వడ్ల మాటే చెప్పేది. వేరే వివరణ అవసరం లేకపోయింది.

కొన్ని నెలలకు గుండె దొరికింది. ఎవరో తమ దుఃఖంలో ఉండి ఇచ్చిన గుండె. సర్జన్లు పెట్టారు. ఆ తర్వాత ఏళ్ళ తరబడి దాన్ని కాపాడింది అక్క. నాయన బజార్లో ఆపరేషన్ల మాట మానేశాడు. అక్క పనేమిటో వివరంగా, అడగనివాళ్ళకు కూడా చెప్పేవాడు.

గుండె మార్చుకున్నవాళ్ళు గుంపుల్లోకి రాకూడదు. చిన్న అంటు తగిలినా వాళ్ళకు ప్రమాదం. అక్క అంత్యక్రియల రోజు మా ఇంటి ముందు జనం నిండిపోయారు. రోడ్డుకు అవతల, మూసిన కొట్ల ముందు, మాస్కులు పెట్టుకుని కొందరు దూరదూరంగా నిలబడి ఉన్నారు. ఒకరికొకరు తెలియనివాళ్ళు. ఎవరూ చెప్పకుండానే అందరూ అలా ఎడంగా నిలబడ్డారు. అంత దుఃఖంలోనూ వాళ్ళను చూస్తే నాకు గర్వంగా అనిపించింది.

వాళ్ళలో తుర్విహాళ రైతు ఉన్నాడు. దగ్గరికి వెళ్ళి, ఒక్కసారి లోపలికొచ్చి చూసి పొమ్మన్నాను. అతను కదలబోయాడు. తల్లి చెయ్యి అడ్డం పెట్టింది.

"వద్దు బాబూ. డాక్టరమ్మ ఒప్పుకోదు."

నేను బలవంతపెట్టలేదు. తిరిగి వచ్చి, పాడెను రోడ్డుకు వాళ్ళున్న పక్క నుంచి తీసుకెళ్ళమని మోసేవాళ్ళకు చెప్పాను.