పంపుహౌస్‌లో ఒకే ఒక్క వరుస

నీళ్ళక్క పంపుహౌస్‌లో చేరి ఇరవై రెండేళ్ళు. ఇన్నేళ్ళలో ఆవిడ డ్యూటీలో ఉండగా ఊళ్ళో ఒక్క కుళాయి కూడా ఎండలేదు. ఈ సంగతి ఆవిడ గొప్పగా చెప్పుకోదని నేనంటే నమ్మకండి. కూరగాయల కొట్లో చెబుతుంది, బస్సులో పక్క సీటువాళ్ళకి చెబుతుంది, పన్ను పీకడానికి వచ్చిన డాక్టరుకి కూడా నోరు తెరిచి ముందు అదే చెప్పింది. రోజూ డ్యూటీ దిగేముందు రిజిస్టరులో "సరఫరా ఆగలేదు" అని ఇంకుపెన్నుతో రాసి, కింద సంతకం గీకి, ఒకసారి మురిపెంగా చూసుకుని మరీ ఇంటికి వెళ్తుంది.

ఆవిడ గొప్పకి కొలబద్ద ఒకటుంది. భర్త అక్కగారు, అంటే మన నీళ్ళక్కకి వదిన, ఎగువ వీధి చివరింట్లో ఉంటుంది. ఊరి మొత్తానికి నీళ్ళు ఆఖరున చేరే కుళాయి ఆమెదే. అక్కడ ధార పడుతోందంటే ఊరంతా పడుతున్నట్టే. అది సన్నబడితే చాలు, వదిన ఫోను చేసి, "ఏమ్మా, మీ తమ్ముడుగారు స్నానం చేస్తున్నారు, కాస్త దయచూపిస్తావా?" అంటుంది. తమ్ముడుగారంటే ఎవరో కాదు, వదిన మొగుడే. నీళ్ళక్క కన్నా పదేళ్ళు పెద్దాయన. ఏడిపించడానికి అలా అంటుంది.

పూర్వం ట్యాంకులో ఎంత నీరుందో తెలియాలంటే నీళ్ళక్క పానా పుచ్చుకుని ట్యాంకు పక్కనున్న ఇనుప గొట్టాన్ని కొట్టేది. కింద నుంచి పైకి కొట్టుకుంటూ పోతే నీళ్ళున్నంత మేర మొద్దుగా పలుకుతుంది, ఆపైన ఖంగుమంటుంది. మూడేళ్ళ క్రితం కంప్యూటరు వచ్చింది. ఇంజనీరుగారు రాసిన ప్రోగ్రాము క్షణానికొకసారి ట్యాంకు మట్టం నూటికి ఎంతో చెబుతుంది. చెప్పడమైతే చెబుతుంది గానీ, చెప్పిన ప్రతిసారీ కొత్త వరుసలో చెబుతుంది. అరవై నాలుగు, దాని కింద అరవై నాలుగు, దాని కింద మళ్ళీ అరవై నాలుగు. తెరంతా అంకెలు పైకి పరిగెత్తిపోతుంటే చూసేవాళ్ళ కళ్ళు తిరిగేవి.

"ట్యాంకులో నీళ్ళకన్నా ఇందులో అంకెలే ఎక్కువ ఉన్నాయే! ఒక్క చోట కూర్చుని చెప్పొచ్చుగా," అని ఒక ఆదివారం నీళ్ళక్క కూతురి దగ్గర వాపోయింది. కూతురు కాలేజీలో ఈ చదువే చదువుతోంది.

"చెప్పొచ్చమ్మా. కింద వరుసకి దిగకుండా, ఉన్న వరుసలోనే మొదటికి వెళ్ళమనాలి. అప్పుడు పాత అంకె మీద కొత్త అంకె పడుతుంది."

నీళ్ళక్క మొహం వెలిగిపోయింది. పెళ్ళికి ముందు ఆవిడ టైపు నేర్చుకుంది. వరుస అయిపోగానే మీట లాగితే క్యారేజీ మొదటికొస్తుంది, కాగితం ఒక మెట్టు పైకి జరుగుతుంది. "అంటే క్యారేజీని లాగాలి, కాగితాన్ని జరపకూడదు. అంతేగా?"

"అబ్బో, మా మాస్టారికి అర్థం కావడానికి వారం పట్టింది," అంది కూతురు.

"మీ మాస్టారు టైపు నేర్చుకుని ఉండడు."

సోమవారం ఇంజనీరుగారిని అడిగి, ఆ ఒక్క ముక్కా నీళ్ళక్కే తన చేత్తో మార్చింది. మొదట తెర మీద ఏమీ రాలేదు. వరుస పూర్తయ్యేదాకా కంప్యూటరు మాట నోట్లోనే పెట్టుకుంటుందట. ఎప్పటిదప్పుడు కక్కెయ్యమని చెప్పాలని కూతురు ఫోనులో చెప్పింది. అదీ చేశాక, నల్లటి తెర మీద పైన ఎడమ పక్కన ఒకే ఒక్క వరుస నిలిచింది. "మట్టం 71". కాసేపటికి అక్కడే, కదలకుండా, "మట్టం 70". నీళ్ళక్క కుర్చీ వెనక్కి వాల్చి టీ తెప్పించుకుంది. ఆ సాయంత్రమే పానాని గోడకి మేకు కొట్టి తగిలించేసింది.

నాలుగు నెలలు ఆ వరుస ముత్యంలా పనిచేసింది. ట్యాంకుని తొంభై అయిదు దాటనివ్వరు, ముప్పైకి దిగనివ్వరు. ఎప్పుడు చూసినా రెండంకెలే. ఈ మాట గుర్తుంచుకోండి.

సంగతి పై ఆఫీసుదాకా పాకింది. చుట్టుపక్కల ఊళ్ళలో ఉన్న ఏడు పంపుహౌస్‌లలోనూ ఇదే పెట్టాలనుకున్నారు. నీళ్ళక్క వచ్చి అందరికీ చూపించాలని కబురొచ్చింది. ఆవిడ ఇస్త్రీ చీర కట్టుకుంది, కళ్ళజోడు రెండుసార్లు తుడుచుకుంది. కానీ ఆ రోజే నది నుంచి వచ్చే పెద్ద గొట్టానికి మరమ్మతు. పొద్దున్న నుంచి పెద్ద మోటారు ఆపేశారు. బావి మీదున్న రెండో మోటారు ఎక్కువసేపు ఆడదు కాబట్టి, మట్టం ఇరవైకి వచ్చాకే దాన్ని వెయ్యాలి.

బదులు డ్యూటీకి పెన్సిల్ వచ్చాడు. నలభై దాటిన మనిషి, చెవి మీద పెన్సిలు లేకుండా ఎవరూ చూడలేదు. పెన్నుతో రాస్తే మాట మార్చడం కష్టమని రిజిస్టరు కూడా పెన్సిలుతోనే రాస్తాడు.

"ఇదుగో, ఈ అంకె ఇరవైకి దిగితే రెండో మోటారు వెయ్యి. అంతవరకూ ఏదీ ముట్టుకోకు," అంది నీళ్ళక్క.

"గొట్టం కొట్టి చూడమంటావా అక్కా?"

"ఇంకా గొట్టమేంటయ్యా! అది చెబుతుంటేనూ."

ఆవిడ వెళ్ళేసరికి మట్టం ఇరవై మూడు. ఇంకా టైముంది కదా అని పెన్సిల్ టీకి వెళ్ళాడు. టీ కొట్టు దగ్గర చిన్ననాటి స్నేహితుడు తగిలాడు. టీ రెండయింది, కబుర్లు కొండవీటి చేంతాడయ్యాయి. గంట తర్వాత పరుగున వచ్చి చూస్తే "మట్టం 90". పెన్సిల్ ఊపిరి పీల్చుకున్నాడు. ఎవరో పుణ్యాత్ముడు గొట్టం బాగుచేసి ట్యాంకు నింపేశాడనుకున్నాడు. గదిలో ఏ మోటారూ చప్పుడు చెయ్యడం లేదన్న సంగతి ఆ మహానుభావుడికి తట్టనే లేదు.

పై ఆఫీసులో నీళ్ళక్క ఏడుగురు ఆపరేటర్ల ముందు నిలబడి, "దీన్ని నమ్ముకుంటే ఇంక వెనక్కి తిరిగి చూడక్కర్లేదు," అంటుండగా ఫోను మోగింది. వదిన.

"నెత్తిన సబ్బు పెట్టుకుని కూర్చున్నానమ్మా. చుక్క లేదు. కళ్ళు మండిపోతున్నాయి. ఎగతాళి కాదు, నిజంగా."

నీళ్ళక్క అక్కడే పంపుహౌస్‌కి ఫోను చేసింది.

"ఎంతుంది తమ్ముడూ?"

"నిశ్చింతగా ఉండక్కా. డెబ్భై."

"ఇందాక?"

"ఎనభై. అంతకుముందు తొంభై."

ఒక్కొక్కటిగా దిగే ట్యాంకు పదేసి ఎలా దిగుతుంది? తొంభై, ఎనభై, డెబ్భై. మధ్యలో ఎనభై తొమ్మిది ఏమైంది? ఎనభై ఎనిమిది ఏమైంది? టైపు మిషను మీద పొడుగు మాట పైన పొట్టి మాట కొడితే ఏమవుతుందో ఆవిడ వేళ్ళకి తెలుసు. పాతమాట తోక మిగిలిపోతుంది.

"మోటారు వెయ్యి! ఉన్నది ఏడు! డెబ్భై కాదు, ఏడు! వెయ్యవయ్యా ముందు!" అని అరిచింది.

ఫోనులో మోటారు గుర్రుమన్నాక ఆవిడ ఫోను పెట్టేసి కూర్చుంది. గదిలో అందరూ ఆవిడనే చూస్తున్నారు.

"ఆ పెన్సిల్ సంగతి తెలిసిందేగా," అన్నారు ఇంజనీరుగారు నెమ్మదిగా. "అతను టైముకి ఉండి ఉంటే ఏ గొడవా లేదు. మీరు కానివ్వండి."

ఆ మాట పట్టుకుని నీళ్ళక్క గట్టెక్కెయ్యొచ్చు. నిజానికి సగం నిజమే కూడా. కానీ ఎదురుగా ఏడుగురు కూర్చున్నారు, రేపట్నించి ఏడు ట్యాంకులు ఇదే వరుసని నమ్ముకోబోతున్నాయి. ఆవిడకి ఏడుపొచ్చింది, కోపమొచ్చింది, సిగ్గేసింది. లేచి, అందరికీ చూపించడానికి అక్కడ పెట్టిన కంప్యూటరు దగ్గరికి వెళ్ళింది.

"తప్పు నాదండీ. చూడండి," అని ట్యాంకు చెప్పే మట్టానికి బదులు తనే పది కొట్టింది. తెర మీద పది వచ్చింది. తర్వాత తొమ్మిది కొట్టింది. తెర మీద తొంభై వచ్చింది. "పదిలో ఒకటి మీద తొమ్మిది పడింది. సున్నా అక్కడే ఉండిపోయింది. దాన్ని నేను తుడవమనలేదు. మా ట్యాంకు ఇంత కిందికి ఎన్నడూ దిగలేదు, అందుకే ఇన్నాళ్ళూ బయటపడలేదు."

నీళ్ళక్క అంకె పక్కన నాలుగు ఖాళీలు చేర్చింది. ఈసారి తొమ్మిది తొమ్మిదిగానే వచ్చింది. ఏడుగురూ కాగితాల మీద ఆ నాలుగు ఖాళీల సంగతి రాసుకున్నారు.

మధ్యాహ్నం ఆవిడ పంపుహౌస్‌కి వచ్చేసరికి పెద్ద గొట్టం అతికించేశారు, ట్యాంకు నిండుతోంది. అయినా మేకుకున్న పానా తీసి గొట్టం కొట్టింది. నడుము ఎత్తు దాకా మొద్దుగా పలికింది. పెన్సిల్ తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు, తప్పుచేసిన మొహంతో.

"అక్కా, నీ పేరు చెడకుండా రాసేశాను," అన్నాడు.

రిజిస్టరు తెరిచి చూసింది. "కరెంటు పోయినందున ఎగువ వీధిలో పదకొండు నిమిషాలు నీళ్ళు లేవు" అని పెన్సిలుతో ముద్దుగా రాసి ఉంది. సంతకం జాగా ఖాళీగా వదిలాడు. కరెంటు మీదికి నెట్టేస్తే ఎవరి మెడకీ చుట్టుకోదు. వెనక పేజీల నిండా ఆవిడ "సరఫరా ఆగలేదు"లు బారులు తీరి ఉన్నాయి. నీళ్ళక్క వాటిని ఒకసారి తిరగేసి మళ్ళీ ఆ పేజీకి వచ్చింది.

"రబ్బరుందా తమ్ముడూ?"

పెన్సిల్ జేబులోంచి తీసి ఇచ్చాడు. ఆవిడ ఆ వరుస మొత్తం తుడిచింది. ఒత్తి రాసిన చోట్ల గీతలు మిగిలితే వాటినీ రుద్దింది, కాగితం తెల్లబడేదాకా. పొట్టు ఊదేసి, ఇంకుపెన్ను మూత తీసింది.

"ఎగువ వీధి, పదకొండు నిమిషాలు. కారణం: నేను."