కిర్రుమన్నది టెలిస్కోపు కాదు

నవ్వనంటేనే చెప్తా. మొన్న శనివారం మా మేడ మీద, ఒక పెద్దమనిషి, ఆయన భార్య చూస్తుండగా, నేను నోటితో కిర్రుమని చప్పుడు చేస్తూ దొరికిపోయాను. ఈ వయసులో! టీ తాగండి ముందు, చల్లారిపోతుంది. మొదట్నించీ చెప్తాను.

నేను చేసేది గ్రూప్ డబ్బింగ్. సినిమాలో పెళ్లిలో గోల, బస్టాండులో గోల, హాస్పిటల్ బయట "అయ్యో అయ్యో", అదంతా మేం పదిమందిమే. నా గొంతు విననివాళ్లుండరు, అది నాదని తెలిసినవాళ్లూ ఉండరు. పోయిన నెల ఒక సీనొచ్చింది. ఊరంతా ఆకాశంలోకి చూసి "ఆఁ...!" అనాలి. తీరా స్క్రీన్ మీద ఆకాశమే లేదు. పచ్చ గుడ్డ! గ్రాఫిక్స్ ఇంకా కాలేదట. ఆ పచ్చ గుడ్డని చూసి ముప్పావుగంట నోళ్లు తెరిచాం.

ఫిల్మ్‌నగర్‌లో నాలుగో అంతస్తు పైన పెంట్‌హౌస్ నాది. ఒక్కదాన్నే. రోజంతా అరిచొచ్చి తాళం తీస్తే, మళ్లీ పొద్దున ఆటో ఎక్కేదాకా నోరు విప్పే పనుండదు. ఒక్కోసారి గొంతుందో లేదో చూసుకోడానికి దగ్గుతాను. ఆ రోజు వచ్చాక మేడ మీద నిలబడి పైకి చూశా. నిజం ఆకాశం! దాన్ని చూసి మాత్రం నోట్లోంచి ఏమీ రాలేదు. సరే, ఇదేంటో దగ్గర్నుంచి చూద్దాం అనిపించింది.

ఆదివారం టోలిచౌకి వెళ్లాను. కళ్లజోళ్లు, బైనాక్యులర్లు అమ్మే చిన్న షాపు. ఓనరు యాదగిరి గారికి అరవై దగ్గరుంటాయి. టెలిస్కోపు పెట్టెలో పెట్టిస్తూ, "కొత్తోళ్లకు గిదే మంచిది మేడమ్. జర సమజ్ గాకపోతే ఫోన్ కొట్టుండ్రి, ఏం ఫికర్ చెయ్యకుండ్రి" అని కార్డిచ్చారు. ఆ కార్డే కొంప ముంచింది.

ఇంటికొచ్చి బిగించడానికి రెండు గంటలు. మూడు కాళ్ల స్టాండు, దాని మీద లావుపాటి గొట్టం, చివర్లో ఒక స్క్రూ మిగిలింది. ఎక్కడిదో ఇప్పటికీ తెలీదు. చీకటి పడ్డాక కన్ను పెట్టి చూస్తే... కటిక నలుపు! ఎటు తిప్పినా నలుపే. ఫోన్ చేశా.

"మూత తీసిండ్రా మేడమ్?"

"తీశానండీ. చేతిలోనే ఉంది."

"ఎంతుంది?"

"సీసా మూతంత ఉంది."

"మేడమ్, గది పెద్ద మూత మధ్యల ఉండే చిన్న మూత. పెద్ద మూత ఇంకా గొట్టానికే ఉన్నట్టుంది, చూడుండ్రి."

ఉంది!

మర్నాడు ఇంకోటి. పక్క బిల్డింగు మీది నీళ్లట్యాంకు తలకిందులుగా వేలాడుతోంది. డిఫెక్ట్ పీసు అంటగట్టారనుకున్నా. ఫోన్ చేస్తే ఆయన నవ్వేశారు. "ఈ రకంల గట్లనే కనబడతది మేడమ్. ఆకాశంల కిందేంది, మీదేంది? సుక్కలకేమన్న కాళ్లుంటయా?"

ఆ తర్వాత, గొట్టం మీదుండే చిన్న దుర్బీను ఎటు చూస్తుందో పెద్దదీ అటే చూసేలా కలపాలని చెప్పారు. ఎండ ఉండగానే షేక్‌పేట వైపు సెల్ టవర్ని గురిపెట్టి, మూడు స్క్రూలూ తిప్పీ తిప్పీ కలిపాను. ఆ సాయంత్రం పడమట నెలవంక. కన్ను పెట్టా. ఏం చెప్పను! అంచంతా గుంటలు గుంటలు, ప్రతి గుంటకీ నీడ. తడి సున్నం మీద ఎవరో వేలితో నొక్కినట్టు. పక్కకి తిరిగి "చూశావా!" అన్నాను. పక్కన బట్టలారేసే తీగ ఉంది.

వెంటనే యాదగిరి గారికి ఫోన్ చేశా. "కనబడిందండీ!" అని అరిచా. అప్పుడాయన షట్టర్ దించుతున్నారు, ఆ చప్పుడు వినబడుతోంది. "మస్తు సంతోషం మేడమ్. మేం అమ్ముడే గానీ ఎన్నడు చూడం. మాది కింది పోర్షన్, మీద ఇంకా మూడంతస్తులున్నయి" అన్నారు. అని, ఊరికే, అందర్నీ అడిగినట్టే, "తిన్నరా మేడమ్?" అన్నారు.

తిన్నానని చెప్పా. తినలేదు. ఫోన్ పెట్టేశాక ఎంతసేపు అక్కడే కూర్చున్నానో.

అక్కడితో ఆగితే బాగుండేది. మూడు రోజులు టెలిస్కోపు బంగారంలా పనిచేసింది. ఫోన్ చెయ్యడానికి ఒక్క సాకూ లేదు! నాలుగో రోజు ఎనిమిదింటికి చెయ్యి ఆగలేదు. "స్టాండు ఊగుతోందండీ" అన్నాను. ఊగట్లేదు. ఆయన పాపం పది నిమిషాలు చెప్పారు, కాళ్ల మధ్య ఇటుకల సంచి వేలాడదీయమని. మర్నాడు "మసగ్గా ఉందండీ" అన్నా. ఆ మర్నాడు "ఫోకస్ నాబ్ తిప్పితే కిర్రుమంటోంది." వృత్తి అది కదా, ఏ అబద్ధమైనా ఏడుపు జీర కలిపి నమ్మకంగా చెప్తాను. ఆయన "అయ్యో, గట్లనా" అన్నప్పుడల్లా రేపటికి ఇంకోటి వెతుక్కునేదాన్ని. వరసగా ఆరు రోజులు!

శనివారం సాయంత్రం బెల్ మోగింది. తలుపు తీస్తే యాదగిరి గారు, బిల్లులో రాయించిన అడ్రసు పట్టుకుని వచ్చారు. చేతిలో పొడుగాటి నోటుబుక్కు. వెనకాల, కొంగు భుజం చుట్టూ కప్పుకుని, ఆయన భార్య సరోజగారు. నాలుగంతస్తులెక్కిన ఆయాసంలో కూడా నన్ను కింద నుంచి పైకి ఒకసారి చూశారు. రోజూ రాత్రి ఎనిమిదింటికి భర్తకి ఫోన్ చేసే ఆడమనిషి ఎవరో చూద్దామనే వచ్చారని ఆ చూపులోనే తెలిసింది.

"తప్పయింది మేడమ్" అన్నారు ఆయన. "ఖరాబ్ మాల్ ఇచ్చిన. మీరు చెప్పినయన్ని రాసుకున్న. డీలర్‌తోని కొట్లాడిన. గీ రకం బందైందట, ఇంకోటి ఇయ్యలేమంటుండు. మీ పైసల్ మీకిచ్చి ఇది తీస్కపోత. కింద ఆటో ఆపిన."

తీసుకుపోతారా! "పర్లేదండీ, అలవాటైపోయింది" అన్నా. ఆయన వినరే! "లే మేడమ్, నా మాట మీద కొన్నరు." మేడ మీదికొచ్చి నోటుబుక్కు తెరిచి ఒక్కొక్కటే చూడ్డం మొదలుపెట్టారు. స్టాండు ఊపారు. "ఊగుతలేదే." పక్క బిల్డింగు గురిపెట్టి చూశారు. "మసక గూడ లేదే." ఇక మిగిలింది నాబ్. కంటిని అద్దానికి ఆనించి, మెల్లిగా నాబ్ తిప్పారు.

నాకేమైందో తెలీదు. అబద్ధం బయటపడిపోతోంది, ఒక్కటైనా నిజమవ్వాలి అనిపించింది. ఆయన వెనక నిలబడి, పళ్ల మధ్య నుంచి సన్నగా "కిర్ర్‌ర్..." అన్నాను.

"ఇగో! వచ్చింది!" ఆయన ఇటు తిప్పారు. "కిర్ర్." అటు తిప్పారు. "కిర్ర్‌ర్." ఆగారు. నేను ఆగడం ఒక్క క్షణం ఆలస్యమైంది.

"నువ్వు జర ఆగు" అన్నారు సరోజగారు. ఆమె నోటి నుంచి అదే మొదటి మాట. "అది దానికెల్లి వస్తలేదు. మేడమ్ నోట్లకెల్లి వస్తుంది."

ఇద్దరూ నా వైపు తిరిగారు. భూమి చీలితే బాగుండనిపించింది గానీ, నాలుగో అంతస్తు పైన కదా, ముందు స్లాబు చీలాలి.

"ఏం పాడవలేదండీ" అన్నాను. "మొదట్లోవి నిజమే. ఆ తర్వాతవన్నీ అబద్ధాలు. ఇంటికొస్తే మాట్లాడేవాళ్లు లేరు. మీరు విసుక్కోకుండా వింటారని చేశాను. అంతే." గొంతు వణికింది. ఈసారి నేను వణికించలేదు.

యాదగిరి గారు నోటుబుక్కు మూశారు. "మంచి మనిషి మేడమ్ ఆ డీలరు. ఇరవై ఏండ్ల దోస్తానా" అన్నారు. అంతే అన్నారు. దానికంటే తిట్టినా బాగుండేది.

సరోజగారే అన్నారు, "మరి గదే చెప్పొచ్చు గదా. గీ కిర్రు మిర్రు ఎందుకు?"

అప్పటికి తూర్పున చంద్రుడు పైకొచ్చాడు. మర్నాడే పున్నమి. ఏం చెయ్యాలో తోచక గొంతు సర్దుకుని "చూస్తారా?" అన్నా. టెలిస్కోపు తిప్పి పెట్టాను. సరోజగారు వంగి చూశారు. లేవరే! ఆయన "నాకు చూపియ్యవా?" అంటే "ఆగు" అంటారు. కింద ఆటో అతను రెండుసార్లు హారన్ కొట్టాడు. చివరికి యాదగిరి గారే కిందికెళ్లి, వెయిటింగ్ డబ్బులిచ్చి ఆటోని పంపేశారు.

నేను ఆయన దగ్గర నంబరు తీసుకుని, వాళ్ల ముందే డీలర్‌కి ఫోన్ చేసి, తప్పంతా నాదని చెప్పాను. వెళ్లేటప్పుడు సరోజగారు నా ఫోన్ అడిగి తీసుకుని, తన నంబరు కొట్టారు. "ఆయనకు దుకాణం ఉంటది. ఫోన్ నాకు చెయ్యుండ్రి."

ఇదిగో, అసలు తిప్పలు ఇక్కడ మొదలయ్యాయి. ఆదివారం చెయ్యలేదు, సోమవారం చెయ్యలేదు. మంగళవారం ఎనిమిదింటికి ఫోన్ పట్టుకుని మేడ మీద కూర్చున్నా. ఫిర్యాదంటే నోరు తిరుగుతుంది గానీ, ఊరికే మాట్లాడాలంటే ఎలా మొదలుపెట్టాలో నాకు తెలీదని అప్పుడు తెలిసింది! పచ్చ గుడ్డ చూసి ముప్పావుగంట అరిచినదాన్ని, "హలో" తర్వాత మాట దొరక్క చచ్చాను. రింగయింది. ఎత్తారు.

"ఏమైంది మేడమ్?" అన్నారు సరోజగారు.

కంగారులో నోటికొచ్చింది అనేశాను: "చంద్రుడు ఇంకా రాలేదండీ!"

పున్నమి దాటితే రోజురోజుకీ ఆలస్యంగా వస్తాడని నాకు తెలుసు, పుస్తకంలో చదివాను. అయినా అన్నాను. అటు నుంచి గేటు తీసిన చప్పుడు, చెప్పులు ఈడ్చిన చప్పుడు.

"మా గల్లీల గూడ రాలే" అన్నారు. "వచ్చేదాక ఫోన్ పెట్టకుండ్రి."

అలా చంద్రుడి మీద కూడా కంప్లయింటు ఇచ్చిన కస్టమర్ని నేనే.