మోటెల్లో ఖాళీ గది

కెనడాలోని కిచెనర్‌లో చదువుకునేటప్పుడు నేను చేరిన విద్యార్థి బృందం పని చాలా తేలిక. ఉత్తరాన చిన్న ఊళ్ళలో ఆదివాసీలకు గది ఇవ్వరని పేరుపడ్డ మోటెళ్ళకు వెళ్ళాలి. ముందు ఆదివాసీ విద్యార్థిని అడుగుతుంది. ఆమెకు గది లేదని చెబితే, ఆదివాసీ కాని ఇంకొకరు వెళ్ళి అడగాలి. అంతా ఫోన్‌లో రికార్డు చేయాలి.

ఆ రోజు మాత్రం మాకు గది నిజంగానే కావాలి. మాతో ఉన్న అనిషినాబే అనే ఆదివాసీ తెగ అమ్మాయి వాళ్ళ అమ్మమ్మకు మర్నాడు పొద్దున్నే ఆ ఊరి ఆసుపత్రిలో డయాలసిస్. మంచుకు రోడ్డు మూసేస్తారేమోనని ముందే తీసుకొచ్చేశాం. పెద్దావిడ వ్యాన్‌లో దుప్పటి కప్పుకుని కూర్చుంది. మనవరాలు లోపలికి వెళ్ళి, గదులన్నీ నిండిపోయాయన్నారని తిరిగొచ్చింది. పార్కింగ్‌లో మా వ్యాన్ తప్ప మరో బండి లేదు.

తర్వాత నేను వెళ్ళాను. కౌంటర్ వెనక తెలుగు క్యాలెండర్, దాని ముందు తెలుగు ఆంటీ. తెలుగులో పలకరించగానే ఆమె మొహం విప్పారింది. గదికేం భాగ్యం అంటూ తాళం తీసి బల్ల మీద పెట్టింది. పప్పుచారు ఉంది, తిని పడుకోమంది. ఏ ఊరని అడిగింది. చెప్పాను. ఇంటిపేరు అడిగింది. చెప్పాను. ఊళ్ళో ఏ వైపని అడిగింది. చర్చి వైపని చెప్పాను.

"అయ్యో, ఆ రూమ్‌లో హీటర్ పనిచేయట్లేదమ్మా, మర్చేపోయా," అని తాళం వెనక్కి తీసుకుంది. పప్పుచారు ప్రస్తావన మళ్ళీ రాలేదు.

నాకు ఒళ్ళు మండిపోయింది. మా వీధివాళ్ళను గడప బయట నిలబెట్టే అలవాటును ఆమె సూట్‌కేసులో సర్దుకుని ఇంత దూరం తెచ్చుకుంది. ఈ చలిలో కూడా అది చెక్కు చెదరలేదు.

సంగతి విని, మాతో వచ్చిన తెల్ల క్లాస్‌మేట్ దిగులుపడ్డాడు. రెండో మనిషికీ గది దొరక్కపోతే రుజువు ఎలాగని అతని బాధ. అతన్నే పంపాం. కాసేపటికి తాళంతో వచ్చాడు. అతన్ని ఇంటిపేరు ఎవరూ అడగలేదు. హీటర్ భేషుగ్గా ఉందన్నారట.

వెనక తలుపు నుంచి గదిలోకి వెళ్ళిపోదామని అతనే అన్నాడు. అమ్మమ్మ ఒప్పుకోలేదు. మనవరాలి చెయ్యి పట్టుకుని ముందు తలుపులోంచే, కౌంటర్ పక్కగా నడిచింది. వెనకాల నేను, రికార్డవుతున్న ఫోన్ పట్టుకుని.

ఆంటీ ఫోన్‌ను చూసింది, తర్వాత నన్ను చూసింది. గొంతు తగ్గించి తెలుగులో అంది: "వీడియో పోస్ట్ చేయొద్దని వాళ్ళకి చెప్పమ్మా. ఎంతైనా మనం మనం ఒకటి కదా."

చెప్పమంది కాబట్టి, ఒక్క ముక్క వదలకుండా ఇంగ్లీషులో అందరికీ వినపడేలా చెప్పాను.