పెన్నుతో చూపించే ఆఫీసరు

అరకు కొండల్లో నేను గుమస్తాగా ఉన్నప్పుడు మా పర్యాటక ఆఫీసరు దేన్ని చూసినా పెన్నుతో చూపించి "చెత్త, తీసెయ్" అనేవాడు. ఒకసారి మేం ఇంకా తాగుతున్న టీ గ్లాసులు కూడా అలాగే పోయాయి.

సముద్ర తీరాలకిచ్చే శుభ్రత, భద్రత అవార్డుకి ఆయన మా వాగొడ్డును పోటీలో పెట్టాడు. "ఇసుకుంది, నీళ్ళున్నాయి. తీరం కాక మరేమిటయ్యా?" అన్నాడు.

తనిఖీ రోజు పొద్దున్నే ఆ పెన్ను వాగులో పాతిన కర్ర వైపు తిరిగింది. కర్రకి ఎర్రగుడ్డ, కోడి ఈకలు కట్టి ఉన్నాయి.

"ఏటి సేత్తన్నారు బాబూ! అక్కడ సుడుంది. ఎవులూ దిగకుండా మావోలు కట్టినారు," అన్నాడు ముసలి వాచ్‌మన్.

"చెత్త," అని ఆఫీసరు కర్ర పీకించాడు.

మధ్యాహ్నం కమిటీవారికి నీళ్ళెంత శుభ్రమో చూపించాలని ప్యాంటు మడిచి, తనే సరిగ్గా ఆ కర్ర పీకినచోట దిగి సుడిలో మునిగిపోయాడు. వాచ్‌మన్ ఆయన జుట్టు పట్టుకుని ఒడ్డుకి లాగాడు. కమిటీ అదంతా ముందే ఏర్పాటు చేసిన రక్షణ ప్రదర్శన అనుకుని చప్పట్లు కొట్టింది. అవార్డు వచ్చింది.

"సురక్షిత తీరం" అని ఆ సుడి ఎదురుగానే ఆఫీసరు ఇనప బోర్డు పాతించాడు. మర్నాటికల్లా బోర్డుకి ఎర్రగుడ్డ, కోడి ఈకలు వేలాడుతున్నాయి.

ఆఫీసరు పెన్ను తీశాడు. కాసేపు వాటివైపే చూసి, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.