వేలు పడని రోజు

"గుర్తులేదు సార్" అన్నాను. నల్లగొండలో విచారణ జరిగిన గదిలో, ఒక ఆడమనిషి నా ముఖంలోకి చూస్తుండగా ఆ మాట అన్నాను. నిజానికి నాకు అంతా గుర్తుంది. ఆమె పనికి వచ్చిన సమయం, కట్టుకున్న చీర, నేను ఆమెతో అన్న మాట, అన్నీ. అప్పుడు దాచింది ఇప్పుడు రాస్తున్నాను.

తెలంగాణ వచ్చిన కొత్తలో నేను చౌటుప్పల్ దగ్గర ఒక మందుల ఫ్యాక్టరీలో టైం ఆఫీసు చూసేవాణ్ని. గేటు పక్కన చిన్న గది, దానికో కిటికీ. కిటికీ బయట గోడకు వేలిముద్రల మిషన్. రిజిస్టరులో సంతకాలు నమ్మలేమని కంపెనీ దాన్ని తెచ్చి పెట్టింది. ఆఫీసువాళ్లకు అది క్షణంలో పలికేది. డ్రమ్ములు కడిగే ఆడవాళ్లకు మాత్రం పలికేది కాదు. రోజంతా సోడా నీళ్లలో నాని వాళ్ల వేళ్ల మీద గీతలు అరిగిపోయేవి. పొద్దున బస్సు దిగి వరుసలో నిలబడి, నూనె రాసిన తలలో వేలు రుద్దుకుని మిషన్ మీద పెట్టేవాళ్లు. ఎర్రలైటు వెలిగితే కొంగుకు తుడుచుకుని మళ్లీ పెట్టేవాళ్లు.

"జర జల్ది పెట్టవే, నీ ఏలుకు ముహూర్తం చూడాల్నా?" అని వెనక నుంచి ఒకామె అరిచేది.

"గిది నన్ను గుర్తువడతలేదే. కట్టుకున్నోడే గుర్తువడతలేడు, గిదేం గుర్తువడతది!" అని ముందున్నామె. వరుసంతా నవ్వు.

వేలు పడనివాళ్ల పేర్లు చేత్తో రాయడానికి నా దగ్గర ఒక కాగితం ఉండేది. కానీ పేర్లు ఎక్కువైతే హైదరాబాదు ఆఫీసు నుంచి ఫోను వచ్చేది. రానివాళ్లను కూడా రాస్తున్నావా అని అడిగేవాళ్లు. ఆ ఫోను తప్పించుకోవడానికి నేనొక పద్ధతి పెట్టుకున్నాను. పొద్దున వేలు పడకపోతే ఊరికే లోపలికి పంపేవాణ్ని. సాయంత్రం వేడినీళ్లతో చేతులు కడుక్కుని వస్తే ఎలాగో పడేది. ఆ ఒక్క ముద్ర చూసి పొద్దుటి టైము నేనే ఎక్కించేవాణ్ని. నన్ను మంచివాడన్నారు. నేనూ అలాగే అనుకున్నాను.

విచారణ గదిలో నా ముఖంలోకి చూసిన ఆమె కూడా డ్రమ్ముల సెక్షన్‌లోనే పనిచేసేది. నలభైకి దగ్గర పడిన మనిషి, మునుగోడు వైపు నుంచి వచ్చేది. నన్ను అన్నా అనేది, నేను చెల్లె అనేవాణ్ని. ఆ రోజు మూడుసార్లు పెట్టినా వేలు పడలేదు.

"పో చెల్లె, పొద్దుగూకినంక పెడుదువు గాని" అన్నాను.

అన్నం వేళకు ముందే ఒక డ్రమ్ములో అడుగున మిగిలిన యాసిడ్ ఆమె కాలి మీద ఒలికింది. రబ్బరు బూటు లోపలికి దిగింది. నలుగురు మోసుకొచ్చి నా కిటికీ ముందు నుంచే వ్యానులో వేసుకుపోయారు. ఆ స్థితిలో ఆమె చేత వేలు ఎవరు పెట్టిస్తారు? సాయంత్రం మిషన్‌లో ఆమె పేరు పక్కన రాలేదనే పడింది.

మర్నాడు మేనేజర్ పిలిచాడు. "నిన్న ఆమె మిషన్ల ఉన్నదా?"

"లేదు సార్."

"ఇంక నువ్వు చేత్తోటి ఏం ఎక్కియ్యకు. లేని మనిషిని ఉన్నదని ఎట్ల రాస్తవ్?"

అతనికి తెలుసు. అతనికి తెలుసునని నాకు తెలుసు. ఆమె ఉంది అంటే, ఎలా లోపలికి వచ్చిందన్నది నా మెడకు చుట్టుకుంటుంది. కుర్చీ పోతుందని ఊరుకున్నాను.

ఆమె ఆ రోజు పనికే రాలేదని, ఇంట్లో ఏదో ఒలకబోసుకుని కాలు కాల్చుకుందని కంపెనీ రాసిచ్చింది. దవాఖాన నుంచి వచ్చాక ఆమె నల్లగొండ లేబర్ ఆఫీసులో ఫిర్యాదు చేసింది. ఆమెను మోసిన నలుగురిలో ఒక్కరూ విచారణకు రాలేదు. మాట్లాడినవాళ్లు మళ్లీ బస్సు ఎక్కొద్దని వాళ్లను పనికి తెచ్చే కాంట్రాక్టరు ముందే చెప్పాడు.

ఆమె మాత్రం బెదరలేదు. "నా చెప్పులు వాళ్ల షెడ్డులనే ఉన్నయి సారూ. బూట్లు తొడుక్కునేటప్పుడు ఆడ్నే ఇడిసిన. నేను పోకుంటె నా చెప్పులు ఒక్కటే నడుసుకుంట పోయినయా?"

మేనేజర్ నవ్వాడు. ఆ చెప్పులు నేను చూశాను. వారం రోజులు అక్కడే ఉన్నాయి. తర్వాత ఊడ్చేవాళ్లు ఎత్తిపారేశారు.

అధికారి నా వైపు తిరిగాడు. "మీరు చెప్పండి. ఆ రోజు ఈమె వచ్చిందా?"

"మిషన్‌ల లేదు సార్."

"మిషన్ సంగతి కాదు. మీరు చూశారా?"

అప్పుడు అన్నాను, గుర్తులేదని.

బయటికొచ్చాక ఆమె గోడ పట్టుకుని కుంటుతూ నా దాకా వచ్చింది. "అన్నా, నువ్వే కదనే పో చెల్లె అన్నది?" తిట్టలేదు. నిజంగానే అడిగింది. నేను కంపెనీ జీపు ఎక్కాను.

ఆ తర్వాత జరిగిన సంగతులు డ్రమ్ముల ఆడవాళ్లు నా కిటికీ దగ్గర నిలబడి, నాకు వినబడాలనే మాట్లాడుకునేవాళ్లు. ఫిర్యాదు కొట్టేస్తూ, ఆమె ఆ రోజు పనికి పోలేదని ఇచ్చిన కాగితం ఊళ్లోకి పోయింది. "పొద్దుగాల సద్దిగట్టుకొని పోయె. పనికి పోకుంటె మరి ఏడికి వోయినట్టు?" అని అత్త అడిగిందట. ఊరు అందుకుంది. భర్త ఆమెతో మాట్లాడటం మానేశాడు. కాలు సంగతి అందరూ మరిచిపోయారు, ఆ ప్రశ్న మిగిలింది. ఇదంతా విని నేను కిటికీ రెక్క మూసుకున్నాను.

కొన్నేళ్లకు ముఖం చూసి హాజరు వేసే మిషన్ వచ్చింది. టైం ఆఫీసు అక్కర్లేదన్నారు, నన్ను పంపించారు. కుర్చీ పోయాకే బుద్ధి వచ్చిందని ఎవరైనా అంటే కాదనలేను.

ఈమధ్య చుట్టుపక్కల ఫ్యాక్టరీల ఆడవాళ్లు కొందరు కలిసి, తాము పని చేసిన రోజులకు కూడా పనికి రాలేదని మిషన్లు చూపిస్తున్నాయని కేసు వేశారు. వాళ్ల వకీలు దగ్గరికి వెళ్లి నేను చేసింది, చూసింది మొత్తం రాసి సంతకం పెట్టాను. దాంతో పాత విచారణ మళ్లీ మొదలవుతుందో లేదో చెప్పలేనని వకీలమ్మ అంది. ఆ కాగితం నకలు పట్టుకుని ఆ చెల్లె ఊరికి వెళ్లాను.

అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. నన్ను చూసి లేవలేదు, కూర్చోమననూ లేదు.

"తప్పయింది చెల్లె. నువ్వు పనికి వచ్చినవని రాసిచ్చిన."

"నాకెందుకు చెప్తున్నవే? నేను పనికి వోయిన్నని నాకెరుకే గద."

ఆమె చేతులు దులుపుకుని లేచింది. "చెప్పేటోళ్లకు చెప్దువు, రా" అని ముందు నడిచింది. కాలు ఈడుస్తూనే నడిచింది, నేను వెనక.

సాయంత్రం పాలు పోసే వేళ. పాలకేంద్రం ముందు ఊళ్లో సగంమంది క్యాన్లతో వరుసగా ఉన్నారు. అందులో ఆమె భర్త ఉన్నాడు. గట్టు మీద ముసలి అత్త ఉంది. ఆమె వాళ్ల ముందు నిలబడి, "ఫ్యాక్టరీల హాజరేసే సారు. ఏందో చెప్తడంట" అని పక్కకు జరిగింది.

చెప్పాను. ఆ రోజు ఈమె పనిలోనే ఉందని, వేలు పడకపోతే నేనే లోపలికి పంపానని, కాలు అక్కడే కాలిందని.

"గిన్నేండ్లకు యాదికొచ్చిందా సారూ?" అన్నాడు వరుసలో ఒకతను. ఎవరూ నవ్వలేదు. భర్త తల ఎత్తలేదు.

"జర గట్టిగ చెప్పు బిడ్డా, నాకు సరిగ ఇనవడది" అంది అత్త.

ఆమె నన్నే చూస్తోంది. నేను గట్టు దగ్గరికి వెళ్లి, వరుస చివరిదాకా వినబడేలా మళ్లీ చెప్పాను.

"నీ కోడలు ఆ రోజు ఏడికీ పోలేదమ్మా, పనికే వచ్చింది. చూసి కూడ యాదికి లేదని అబద్ధమాడింది నేను. నా కుర్చీ కోసం ఆడిన. తప్పు నాది. మీ అందరి ముందట చెప్తున్న చెల్లె, నన్ను మాఫ్ చెయ్యి."