తెర లేని నాటకంలో తాతయ్య హార్మోనియం

మా చిన్నప్పుడు... మే నెల సాయంత్రాలు నూజివీడు గాలిలో మామిడి సొన వాసన ఉండేది. ఆగిరిపల్లి రోడ్డు పక్కన ఒక తోటలో కాయలు సర్దే రేకుల షెడ్డు. మధ్యాహ్నానికి లారీ వెళ్ళిపోయాక అందులో ఎండుగడ్డీ, ఖాళీ చెక్కపెట్టెలూ, మేమూ మిగిలేవాళ్ళం.

మేమంటే... సుజాత టీచర్ నాటకం పిల్లలం.

ఆవిడ మా మేడ మీద అద్దెకుండేవారు. కాలేజీలో తెలుగు చెప్పేవారు. ఆవిడ నాటకానికి తెర లేదు, మైకు లేదు, స్టేజీ అసలే లేదు. చూడవచ్చినవాళ్ళు కూర్చోకూడదు... మాతోపాటు చెట్టు నుంచి చెట్టుకి నడవాలి. ఒక్కో చెట్టు కింద ఒక్కో దృశ్యం. తప్పిపోయిన తమ్ముణ్ణి వెతుక్కుంటూ తోటంతా తిరిగే ఒక అక్క కథ. ఆ అక్క వేషం నాది. నాకప్పుడు పదకొండేళ్ళు.

మా తాతయ్య, అమ్మ వాళ్ళ నాన్న, మాతోనే ఉండేవాడు. ఒకప్పుడు పద్యనాటకాలకి హార్మోనియం వాయించేవాడట. 'అట' అని ఎందుకంటున్నానంటే, నేను పుట్టాక ఆయన వాయించగా ఒక్కసారీ వినలేదు. ఆ పెట్టె అటక మీద పాత దుప్పట్లో చుట్టి ఉండేది. అడిగితే "దుమ్ము పట్టిందిలే" అనేవాడు.

ఒకరోజు సుజాత టీచర్ మెట్లు దిగి వచ్చారు.

"మాస్టారూ, మా నాటకానికి మీరు వాయించాలండీ."

"పద్యాలున్నాయా అమ్మా?"

"లేవండీ. ఒక్క శ్రుతి చాలు... తోటంతా వినపడేలా."

"తెర లేదంటున్నావు, పద్యం లేదంటున్నావు. ఇక నేనెందుకమ్మా?"

మాటలో కోపం లేదు. లోపలికి వెళ్ళి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

అయినా సాయంత్రం రిహార్సల్ అయ్యాక నన్ను ఇంటికి తీసుకెళ్ళడానికి తోటకి ఆయనే వచ్చేవాడు. కాస్త ముందే వచ్చి, ఒక ఖాళీ చెక్కపెట్టె బోర్లించుకుని కూర్చుని కళ్ళు మూసుకునేవాడు. నిద్రపోతున్నాడనుకునేదాన్ని. నాలుగో రోజు కళ్ళు తెరవకుండానే టీచర్‌తో అన్నాడు... "అమ్మాయ్, పిల్ల మాట గాలికి కొట్టుకుపోతోంది. గాలి ఎటు నుంచి వస్తోందో చూసి నిలబెట్టు."

టీచర్ నన్ను రెండో వైపుకి మార్చారు. నా గొంతు నాకే కొత్తగా వినపడింది.

మర్నాడు నేను నిద్ర లేచేసరికి హార్మోనియం వసారాలో ఉంది. తాతయ్య మెత్తటి పంచె ముక్కతో దాని మెట్లు ఒక్కొక్కటే తుడుస్తున్నాడు. తిత్తి కదిపితే ముందు దగ్గులాంటి చప్పుడు వచ్చింది... తర్వాత సన్నగా, పొడుగ్గా ఒక స్వరం. వంటింట్లో అమ్మ గరిట పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

ఆరోజు నుంచి దారిలో నాకు పాత సంగతులు చెప్పేవాడు. "పాత్రధారి మాట మర్చిపోతే హార్మోనియం అందుకోవాలి. వాడికి గుర్తొచ్చేదాకా జనానికి తెలియనివ్వకూడదు. అదీ మా పని."

నాటకం రోజు వచ్చింది. ఎండ వాలింది. ముప్ఫై మంది దాకా వచ్చారు. కాయలు కోసేవాళ్ళు చిక్కం కట్టిన గెడలతోనే వచ్చి నిలబడ్డారు. తాతయ్య తోట చివర పెద్దరసం మామిడి చెట్టు కింద కూర్చుని ఒక్క స్వరం పట్టుకున్నాడు. ఆ స్వరం చెట్ల మధ్య నుంచి పొగలా వస్తుంటే... మేం దాని వెంటే నడిచాం. ఆకుల సందుల్లోంచి పడే వెలుగులో అందరి ముఖాలూ కలలో ముఖాల్లా ఉన్నాయి.

చివరి చెట్టు దగ్గరికి వచ్చాం. నేను తాతయ్యని "ఈ దారి ఎటు పోతుంది?" అని అడగాలి. ఆయన వాయిస్తే, తమ్ముడు చెట్టు చాటు నుంచి వస్తాడు. అంతే నాటకం.

నాకు మాట గుర్తు రాలేదు.

తాతయ్య కనిపెట్టేశాడు. వేళ్ళు కదిలాయి. శ్రుతి రాగమైంది. నా కోసం ఎదురుచూస్తూ మెల్లగా తిరుగుతోంది. నేను ఆ వేళ్ళకేసి చూస్తూ ఉండిపోయాను. ఎన్నాళ్ళుగానో మనసులో ఉన్న మాట నోట్లోంచి వచ్చేసింది.

"తాతయ్యా... ఎందుకు మానేశావు?"

రాగం ఆగింది. ఆయన జనంకేసి చూడలేదు, నాకేసే చూశాడు.

"ఎవరూ మానమనలేదమ్మా... పిలవడం మానేశారు. అంతే."

అదీ నాటకమేననుకున్నారు అందరూ. జనంలో ఉన్న అమ్మ ఒక్కతే తలొంచుకుంది. సుజాత టీచర్ నాటకం కాగితాలు మడిచేశారు.

కాయలు ఏరే మంగమ్మ ముందుకొచ్చింది. "ఇప్పుడు మేం పిలుస్తన్నాం గదండీ... మీకిష్టమైందేదో వాయించండి, ఇంటాం."

తాతయ్య టీచర్ వైపు చూశాడు. ఎవరినీ కూర్చోనివ్వని ఆ టీచర్ తానే ముందు నేల మీద చతికిలబడ్డారు. ఒక్కొక్కరే గెడలు పక్కన పెట్టి కూర్చున్నారు.

ఆయన వాయించిన రాగం మోహన అని అమ్మ తర్వాత చెప్పింది. మొదట వేళ్ళు రెండుసార్లు తడబడ్డాయి... ఆ తర్వాత తడబడలేదు. మధ్యలో ఎక్కడో సన్నగా గొంతు కూడా కలిపాడు. తమ్ముడి వేషం వేసిన పద్మ ఎవరూ పిలవకపోయేసరికి చెట్టు చాటు నుంచి తనే వచ్చి నా పక్కన కూర్చుంది. చిలకలు గూళ్ళకి చేరాయి. సొన వాసన, ఎండుగడ్డి వాసన, మోహన... మూడూ ఒకటే అనిపించింది. నాటకం పూర్తి కాలేదన్న సంగతి ఎవరికీ గుర్తు లేదు.

ఆ తర్వాత మూడు వేసవులు తాతయ్య మాతో తిరిగాడు... ఒకసారి చింతలపూడి దాకా. టీచర్‌కి బదిలీ అయ్యాక బృందం చెదిరిపోయింది. తాతయ్య మాత్రం పోయేదాకా సాయంత్రాలు వసారాలో వాయిస్తూనే ఉన్నాడు. అమ్మ ఏ పనున్నా ఆపి, ఎదురుగా కూర్చుని "ఇంకొకటి నాన్నా" అనేది.

ఇప్పుడు ఆ తోటలో సగం ప్లాట్లయ్యాయి. పాట కావాలంటే ఫోన్ మీద వేలు ఆనిస్తే చాలు... ఎవరినీ పిలవక్కర్లేదు.

మీ ఊళ్ళో, మీ ఇంట్లో, మీరు పిలిచి పాడించుకున్న మనిషి ఎవరైనా ఉంటే కింద రాయండి. తీరిగ్గా కూర్చుని చదువుకుంటాను...