మా మామ వైద్యం చేసిన పూలతోట

ఇప్పుడంటే నాలుగు కుండీలు లేని వాకిలి కనబడదు గానీ, ఆ రోజుల్లో మా వైపు మొక్క అంటే దానికొక పని ఉండాలి. తినడానికో, దేవునికో, మందుకో, అదీ కాకపోతే కనీసం మేకకో పనికిరావాలి. ఊరికే చూసుకోవడానికి ఆకులు పెంచుతారని మందమర్రి వచ్చేదాకా నేను వినలేదు. విన్నాక కూడా ఒక పూట నమ్మలేదు. అట్లాంటి నేను ఆ ఆకుల కోసమే వారం రోజులు అన్నం సహించక తిరిగానంటే ఇప్పుడు నవ్వొస్తుంది. అప్పుడు మాత్రం గుండెదడ ఒక్క ఘడియ ఆగలేదు.

మాది ఇచ్చోడ దగ్గర పత్తి పండించే పల్లె. పెళ్లయిన ఏడాదికి మా ఇంటాయనకు మందమర్రి బాయిలో పని దొరికింది (బొగ్గుగనిని మేము బాయి అనే అంటాం, దిగేది లోపలికే కదా). కంపెనీ వాళ్లిచ్చిన ఒంటిగది క్వార్టరుకు నన్ను తీసుకొచ్చాడు. ఆ గదే నాకు రాజ్యం. తీరా నేను పొయ్యి కుదురుగా పెట్టుకున్నానో లేదో, పత్తి పగిలిందని మా మామ కబురు పంపాడు. "పత్తి ఏరేతందుకు మనుషులు దొరుకుతలేరు. శుక్రారం వచ్చి కోడల్ని తోల్కపోత." ఒకసారి పోతే పత్తి అయ్యాక కంది, కంది అయ్యాక ఇంకొకటి. ఆదిలాబాదు జిన్నింగు మిల్లులో పనిచేసే మా బావ పెళ్లాం అట్లాగే పత్తికని పోయి, మూడేళ్లయినా మొగుని దగ్గరికి తిరిగి రాలేదు. "నీకు ఈడ కొలువు దొరికిందనుకో, బాపు గూడ ఏమనడు" అన్నాడు మా ఇంటాయన, గోడ వైపు చూస్తూ. ఇద్దరం కొత్తవాళ్లం, ఉండిపొమ్మని మొహం చూసి చెప్పడానికి ఆయనకు సిగ్గు.

ఆ వారమే ఇంజనీరు బంగళాలోకి కొత్త దొరసాని వచ్చింది. గుంటూరు వైపు మనిషి. వాకిట్లో చిన్న తోట వేయించాలని క్రోటన్ మొక్కలు గంపల్లో పెట్టించి హైదరాబాదు నుంచి రైల్లో తెప్పించింది. పని అడగడానికి పోయిన నన్ను "ఏమ్మాయ్, తోట వేయడం వచ్చా?" అని అడిగింది. "వస్తది దొరసాని" అన్నాను (ఉల్లినారు పెట్టడం తప్ప నాకేమీ రాదు). "శుక్రవారం సాయంత్రం పెద్దదొరగారి భార్య టీకి వస్తున్నారు. ఆవిడకు నచ్చితే నిన్ను పనిలో పెట్టుకుంటాను. లేకపోతే లేదు" అని తేల్చి చెప్పింది. అదే శుక్రవారం మామ కూడా వస్తున్నాడు!

కాగితం మీద గీసుకునే చదువు నాకు లేదు. వచ్చిన గీత ఒక్కటే, ముగ్గు. అందుకని బంగళా ముందు పిండితో పెద్ద ముగ్గు వేసి, గీతల వెంబడి గుంతలు తీశాను. నడుమ పొడుగు క్రోటన్లు, పసుపు ఆకు మీద ఎర్రని చుక్కలతో. వాటి చుట్టూ మఖమలు గుడ్డలాగా మెరిసే ముదురెరుపు ఆకుల చిన్న మొక్కలు (వాటి పేరు దొరసాని చెప్పింది గానీ నా నోట నిలవలేదు). అంచులకు బంతి, కనకాంబరం. మెట్ల మీది నుంచి చూసి దొరసాని "ఫరవాలేదే!" అంది. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు భయం రెట్టింపయింది. ఎండకు ఆకు వాలితే భయం, గాలికి కదిలితే భయం. వీధిలో మేక అరిస్తే చీపురు పట్టుకొని పరుగెత్తేదాన్ని.

శుక్రవారానికి దారుల్లో ఎర్రమొరం (గరుకు ఎర్రమట్టి) పరచడం ఒక్కటే మిగిలింది. గంప పట్టుకొని గుట్ట దగ్గరికి పోయాను. తిరిగొచ్చేసరికి తోట నడుమ మా మామ నిలబడి ఉన్నాడు. పక్క క్వార్టరామె నేను బంగళాలో ఉన్నానని చెప్పి పంపిందట. పత్తి ఏరేటప్పుడు కట్టినట్టు ధోవతి ఒడికట్టి ఉంది. ఒడి నిండా ఎర్రాకులు, పసుపాకులు.

నెత్తి మీది గంప కాళ్ల మీదనే పడింది. "మామా! ఏం జేసినవే?"

"ఏం ఫికర్ జెయ్యకు బిడ్డా, టైముకే వచ్చిన. ఆకంత ఎర్రవారింది, సుక్కలు వడ్డయి. మన దిగువ సెల్కల పత్తికి గిదే తెగులు. మంచాకు ఒక్కటి ముట్టలే సూడు."

నిజమే, పచ్చాకు ఒక్కటీ ముట్టలేదు. క్రోటన్లు కొసకు రెండేసి పచ్చాకులతో పొయ్యిలోని కట్టెల్లాగా నిలబడ్డాయి. పైగా బంగళా వంటమనిషిని అడిగి తెచ్చి, పురుగు రాకుండా బూడిద కూడా చల్లాడు.

"అది రోగం గాదు మామా. గా ఆకుల రంగే గంత."

"రంగా? ఆకుకా?"

"గా రంగు కోసమే పట్నం నుంచి రైల్ల తెప్పిచ్చుకున్నది."

మామ ఒడిలోకి చూసుకున్నాడు. ఒక ఆకు తీసి, ఉన్నచోట మళ్లీ అంటుకుంటుందేమోనని కొమ్మకు ఆనించి చూశాడు. నాకు ఏడుపు ఆగలేదు. "తోట నచ్చితే కొలువిస్తనన్నది మామా. కొలువుంటే ఈడనే ఉండొచ్చనుకున్న" అనేశాను. మామ ముందు అంత పెద్ద మాట నేను అనడం అదే మొదలు. ఆయన చేతిలోని ఆకును తిరిగి ఒడిలో పెట్టుకున్నాడు.

అంతలోనే దొరసాని అతిథిని వెంటబెట్టుకొని వచ్చింది. తోటను చూసి ఆమె మొహం పాలిపోయింది. "ఏమిటే ఇదంతా?" నేను నోరు తెరిచేలోగా మామ తలగుడ్డ తీసి ముందుకొచ్చాడు. "తప్పు నాది దొరసాని, పిల్లదేం లేదు. పత్తి పండిచ్చెటోన్ని. ఎర్రాకు కండ్లవడితే సెయ్యి ఆగది."

"మరి ఆకులేవయ్యా?" అంది పెద్దదొరసాని. మామ ఒడి విప్పి చూపించాడు, ఎంత శ్రద్ధగా ఏరాడో చూడమన్నట్టు. ఆవిడ నవ్వీ నవ్వీ మెట్ల మీదే కూలబడింది. పెద్దావిడ నవ్వాక మా దొరసానికి నవ్వక తప్పలేదు. "నవ్వు సరే, నా తోట మాటేమిటి?" అంది చివరికి.

"మళ్ల సిగురిస్తది దొరసాని. సెడగొట్టింది మా ఇంటోళ్లు, బాగుజేసుడు గూడ మా ఇంటోళ్లే. ఆకులచ్చేదాక మా పిల్ల ఈడనే ఉంటది. పత్తి నేను, మా ముసల్ది ఏరుకుంటం."

దొరసాని సరేనంది. అట్లా నేను ఉండిపోయాను. ఊరి నుంచి ఎవరొచ్చినా మామ అడిగి పంపేవాడు, "ఆకులచ్చినయా?" అని. నేను చెప్పి పంపేదాన్ని, "ఇంకా రాలే" అని (నెల తిరక్కుండానే కొమ్మ కొమ్మకూ చిగురు వచ్చింది, దేవుడు క్షమించాలి). మరుసటి ఏడు పత్తివేళకు మామ చెప్పాపెట్టకుండా తానే వచ్చాడు. క్రోటన్లు ఆయన భుజం దాకా పెరిగి మంటల్లా ఉన్నాయి. దాచడానికి నా కొంగు చాలదు. అయినా వాటికి అడ్డంగా నిలబడ్డాను. మామ ఒక ఎర్రాకును పట్టుకొని, అటు తిప్పి ఇటు తిప్పి చాలాసేపు చూశాడు.

"తెగులింకా పోలే బిడ్డా. జర ఇంకొన్నొద్దులు సూడు" అని, మంచినీళ్లు తాగి బస్సుకు పోయాడు.

పాపం, ముసలాయనకు మతిమరుపు వచ్చింది, ఆకు రంగే అంతన్న మాట మరిచాడు, గండం గడిచిందనుకొని ఆ పూట నేను పాయసం వండుకున్నాను. మామను మోసం చేశానని ఆ పదిహేడేళ్ల పిల్ల ఎంత మురిసిపోయిందో! ఆయన మరిచిపోలేదని తెలియడానికి నాకూ కోడళ్లు రావలసి వచ్చింది.